పసుపు పిన్ను, తెల్ల పిన్ను

మొన్న మా అమ్మాయి ఫోను చార్జింగ్ ఎక్కడం లేదంటే బీసెంట్ రోడ్డు పక్క సందులో ఉన్న రిపేరు కొట్టుకి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు ఫోను విప్పి, సోల్డరింగ్ ఐరన్ మొన పేస్టులో ముంచి బోర్డుకి ఆనించాడు. చుయ్‌మని సన్నటి పొగ లేచింది. అతను నన్నేదో అడుగుతున్నాడు. రెండోసారి గట్టిగా అడిగాక గానీ నాకు వినబడలేదు. అప్పటికే నేను ముత్యాలంపాడులో ఒక మేడ మీద, రేకుల గదిలో ఉన్నాను.

ఇప్పుడు నేను ఇంటర్నెట్ లైన్లు వేయిస్తుంటాను. అంతా ఫైబరే. రెండు గాజు పోగులు మిషన్లో పెడితే అతుక్కుంటాయి. పొగా ఉండదు, వాసనా ఉండదు, వేళ్ళు కాలడమూ ఉండదు. అందుకేనేమో, ఇన్నేళ్ళలో ఆ గది ఎప్పుడూ ఇంత దగ్గరగా గుర్తు రాలేదు.

అది మా కేబుల్ కంట్రోల్ రూం. ఇంటర్ రెండో ఏడు లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీలో మళ్ళీ తప్పి, ఇంట్లో ముఖం చూపించలేక చేరిన ఉద్యోగం. నెలకి 1,500. పొద్దున బిల్లులు వసూలు చేయడం, మధ్యాహ్నం నిచ్చెన భుజాన వేసుకుని లైన్ కంప్లయింట్లు చూడడం, సాయంత్రం నుంచి రాత్రి పన్నెండు దాకా ఆ గదిలో కాపలా. ఇనుప ర్యాకులో మాడ్యులేటర్లు వరసగా ఉండేవి, చానెల్‌కి ఒకటి చొప్పున. బయట డాబా మీద డిష్‌లు. డిష్ నుంచి వైరు రిసీవర్‌కి వస్తుంది. రిసీవర్ వెనక నుంచి రెండు పిన్నులు మాడ్యులేటర్‌కి వెళ్తాయి. పసుపు పిన్ను బొమ్మ, తెల్ల పిన్ను మాట. ఆ రెండూ పీకి పక్క రిసీవర్‌కి గుచ్చితే చాలు, మా ఏరియాలో ఇళ్ళన్నిట్లో చానెల్ మారిపోతుంది. లెక్కల్లో రెండుసార్లు తప్పినవాడి చేతికి అంత అధికారం ఇవ్వకూడదు నిజానికి.

గదిలో ఎప్పుడూ ఒకటే హోరు. మాడ్యులేటర్ల వేడికి టేబుల్ ఫ్యాను ఆపడానికి లేదు. ఇన్వర్టర్ గుయ్‌మంటుండేది. వేడెక్కిన దుమ్ము వాసనలో సోల్డరింగ్ పేస్టు వాసన కలిసి చొక్కాకి పట్టేది. ఇంటికెళ్తే మా అమ్మ "ముందు ఆ చొక్కా విప్పి దండెం మీద పడేయ్" అనేది. రాత్రి పది దాటాక వీధి సద్దుమణిగితే స్టేషన్ వైపు నుంచి షంటింగ్ చప్పుళ్ళు స్పష్టంగా వినబడేవి. బెజవాడలో పుట్టినవాడికి రైలు కూత జోలపాట కింద లెక్క. దానికి నిద్ర రావాలి గానీ మెలకువ రాకూడదు.

మాకొక సొంత చానెల్ ఉండేది. అప్పట్లో ప్రతి కేబుల్ వాడికీ ఉండేది. మధ్యాహ్నం ఒక సినిమా, రాత్రి తొమ్మిదికి ఒక సినిమా, కింద పాకుతూ చీరల కొట్ల ప్రకటనలు, పుట్టినరోజు శుభాకాంక్షలు. మాడ్యులేటర్లు సరిపోక, ఆ సొంత చానెల్‌కీ ఆటల చానెల్‌కీ కలిపి ఒకటే పెట్టాడు మా ఓనరు. సినిమా లేని వేళల్లో ఆటలు. క్రికెట్ ఉంటే ఆటలదే రాజ్యం. ఇవి రెండూ కాని మూడో సంగతి ఒకటుంటుందని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

*

ఆగస్టులో ఒక శనివారం, ఏడూ ఇరవైకి గదిలో ల్యాండ్‌లైన్ మోగింది.

"కేబులేనా?"

"అవునండీ. ఏ వీధండీ, బొమ్మ రావట్లేదా?"

"బొమ్మ వస్తోంది. ఏడున్నరకి మ్యాచ్ ఉంది. ఇంగ్లీషు వాళ్ళ ఫుట్‌బాల్. పెట్టు బాబూ."

గొంతు పెద్దాయనది, గట్టిగా ఉంది. ఎదురుగా ఇంజను మోగుతుంటే మాట్లాడే అలవాటున్న గొంతు అని తర్వాత అర్థమైంది. ఆ టైములో మా చానెల్లో ఏమీ లేదు. పిన్నులు మార్చాను. ఎర్ర చొక్కాలకు తెల్ల చేతులున్న జట్టొకటి, నీలం చొక్కాల జట్టొకటి. అది 2003-04 ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండులో అన్నిటికంటే పై లీగు) సీజన్‌లో ఎర్ర జట్టు ఆర్సెనల్‌కి మొదటి మ్యాచ్, నీలం జట్టు ఎవర్టన్ మీద. అరగంట కూడా కాకుండానే ఆర్సెనల్ డిఫెండర్ సోల్ క్యాంప్‌బెల్‌కి రెడ్ కార్డు చూపించి పంపేశారు. పదిమందితోనే ఆడి 2-1తో గెలిచారు. నాకేమీ అర్థం కాలేదు. తొమ్మిదైంది, సినిమా పెట్టేశాను. సరిగ్గా ఆట అయిపోయే ముందు పీకేశానని పెద్దాయన మళ్ళీ ఫోన్ చేస్తాడేమో అనుకున్నాను. చేయలేదు. మళ్ళీ శనివారం ఏడూ ఇరవైకి చేశాడు.

సెప్టెంబరు మొదటి ఆదివారం వసూళ్ళకి వెళ్తే ఆ గొంతు ఎదురైంది. రైల్వే కాలనీ వెనక పెంకుటిల్లు, ముందు నందివర్ధనం చెట్టు, గోడ మీద యేసుప్రభువు పటం, దాని పక్కనే రిటైర్మెంట్ నాడు ఇచ్చిన షీల్డు. బొగ్గింజను మీద ఫైర్‌మ్యాన్‌గా చేరి ఎక్స్‌ప్రెస్ డ్రైవరుగా దిగిపోయారట. కేబుల్ కార్డు తీసి చాచిన చేతిలో చిటికెన వేలు పక్కకి వంకర తిరిగి ఉంది. నేను దానివంకే చూస్తున్నానని కనిపెట్టారు.

"ఇంజన్లో కాదయ్యా. గోల్‌లో. మా షెడ్డు టీముకి గోలీని నేను. అవతలివాడు కొట్టిన బంతిని ఈ వేలొక్కటే ఆపింది. బంతి ఆగింది, వేలు ఆగలేదు."

లోపల్నుంచి మామ్మగారు "ఆ కథ ఎన్నోసారి?" అన్నారు. ఆవిడ సీరియళ్ళ పక్షం. శనివారం సాయంత్రం రెండు గంటలు తప్ప ఇంట్లో రిమోటు ఆవిడదే. ఆ రెండు గంటలకి బదులు ఆదివారం చర్చి నుంచి వచ్చాక కూరగాయలన్నీ ఈయన తరగాలి. ఒప్పందం అది.

*

ఆయన్ని నేను డ్రైవరుగారూ అనేవాణ్ణి, తర్వాత్తర్వాత తాతగారూ అయింది. ప్రతి నెలా వసూలుకి వెళ్ళినప్పుడు ఒక గ్లాసు టీ, రెండు సాల్ట్ బిస్కెట్లు, కొంత ఫుట్‌బాల్. మనవాళ్ళకి ఫుట్‌బాల్ రాదని నేనొకసారి నోరు జారాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"1956. మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2 కొట్టాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్. నాలుగో స్థానం మనది. కోచ్ ఎవరనుకున్నావ్? హైదరాబాద్ మనిషి, రహీం. బడిపంతులు! 1962లో జకార్తాలో ఆసియా గేమ్స్ బంగారం, ఫైనల్లో కొరియా మీద 2-1. ఆ మరుసటేడు పోయాడు మహానుభావుడు, క్యాన్సర్‌తో. సికింద్రాబాద్ కుర్రాడు బలరాం ఆడాడు రెండిట్లోనూ. హైదరాబాద్ పోలీసు టీము రోవర్స్ కప్పు వరసగా అయిదేళ్ళు తెచ్చింది, 1950 నుంచి. రాదంటావేంటి?"

నాకు ఒక్క పేరూ తెలియదు. అప్పుడు మన దేశంలోనూ ఒక నేషనల్ లీగ్ నడుస్తోంది. ఆ ఏడు కూడా ఈస్ట్ బెంగాల్ వరసగా రెండోసారి గెలిచింది. దాని గురించి అడిగితే ఆయన చెయ్యి ఊపేసేవారు. కోపం కాదు. చుట్టాల ఇంటికి పిలవకపోతే ఊపే చెయ్యి అది.

ఆర్సెనల్ అంటే ఆయనకి ప్రత్యేకమైన అభిమానం ఉన్నట్టు మొదట్లో అనిపించలేదు. వాళ్ళ గోల్‌కీపరు లేమన్‌ని మటుకు తిట్టేవారు. "తిక్కమనిషి. గోల్‌లో ఉండాల్సినవాడికి అంత చిరాకు పనికిరాదు" అని. కానీ మాటల్లో ఎక్కువగా ఉండేది లేమనే. ఆ జట్టుకి గోల్స్ కొట్టిపెట్టే ఆన్రీ గోల్ కొట్టినప్పుడు ప్రపంచమంతా ఆన్రీని చూస్తుంటే ఈయన అవతలి చివర ఒంటరిగా చేతులెత్తి గంతులేస్తున్న లేమన్‌ని వెతికేవారు. కెమెరా అటు తిరగదు కదా, విసుక్కునేవారు.

*

సెప్టెంబరులో ఒక ఆదివారం రాత్రి. మాంచెస్టర్ యునైటెడ్ మైదానంలో ఆర్సెనల్ ఆట. తొమ్మిది దాకా పెట్టి, తొమ్మిదికి సినిమా వేయాలి. ఆదివారం రాత్రి సినిమా అంటే మామూలు సంగతి కాదు. ఆలస్యమైతే ఫోను పగిలిపోతుంది. తొమ్మిదికి వేశాను. ఆయన ఫోన్ చేసి బతిమాలలేదు, "ఎంత టైముకి మొదటి సీడీ అయిపోతుంది?" అని మాత్రం అడిగారు.

అది వీసీడీల కాలం. ఒక సినిమా రెండు సీడీల్లోనో మూడిట్లోనో ఉండేది. మొదటిది అయ్యాక రెండోది పెట్టే లోపు ఒక బొమ్మ వేసేవాళ్ళం, 'మీ కేబుల్ బిల్లు పదో తారీఖులోగా చెల్లించండి' అని. ఆయనకి ఆ సందు దొరికింది. లూప్‌లైన్లో ఎంతసేపు ఆగాలో లెక్కేసే బుర్ర.

మొదటి సీడీ అయిపోగానే పిన్నులు మార్చాను. అప్పుడే ఆర్సెనల్ కెప్టెన్ వియేరాకి రెండో ఎల్లో కార్డు. బయటికి పోతున్నాడు. ఇంకా గోలు లేదు. ఫోన్ మోగింది, ఎవరో సినిమా ఏమైందన్నారు. "సీడీ తుడుస్తున్నామండీ" అన్నాను. మళ్ళీ మోగింది. మళ్ళీ తుడుస్తున్నామన్నాను. మూడోసారి మోగితే ఫోను రిసీవరు తీసి బల్ల మీద పెట్టేశాను. పది నిమిషాలు దాటింది. ఆఖర్న మాంచెస్టర్‌కి పెనాల్టీ ఇచ్చారు. వాన్ నిస్టెల్‌రూయ్ కొట్టాడు. బంతి ఠంగుమని పైకడ్డీకి తగిలి వెనక్కొచ్చింది. ఆ క్షణాన ఆర్సెనల్ డిఫెండర్ కియోన్ ఎగిరి అతని మీదకి వంగి రెండు చేతులూ పైకెత్తి మొహంలో మొహం పెట్టి అరిచాడు. ఆటలో అలాంటి కసి నేనెప్పుడూ చూడలేదు. మా వీధిలో నీళ్ళ కుళాయి దగ్గర చూశాను.

0-0. సినిమా రెండో సీడీ పెట్టి, బల్ల మీది రిసీవరు తీసి చెవికి ఆనించుకుంటే అవతల లైన్లో ఎవరో ఉన్నారు.

"అబ్బాయ్, చూశావా?"

"చూశాను తాతగారూ."

"కడ్డీ కూడా గోల్‌కీపరే."

మర్నాడు ఓనరు చీవాట్లు పెట్టాడు. పన్నెండు కంప్లయింట్లు వచ్చాయట, ఒకటి ఆయన అత్తగారి నుంచి. సీడీ ప్లేయరు మీద నెట్టేశాను. పాపం ఆ ప్లేయర్ని మర్నాడే రిపేరుకి పంపాడు. రిపేరు వాడు ఏమీ బాగాలేదని 200 తీసుకున్నాడు.

దసరా పది రోజులూ మా చానెల్లో కొండ మీది అలంకారాలూ క్యూ లైన్లే. ఆ రోజుల్లోనే ఆర్సెనల్ లివర్‌పూల్ వెళ్ళి 2-1తో గెలిచింది. తాతగారు అడగనే లేదు. "అమ్మవారి ముందు ఆర్సెనలెంత?" అన్నారు, కార్డు మీద సంతకం పెట్టించుకుంటూ.

*

నవంబరు మొదట్లో ఒక చిక్కు వచ్చింది. శనివారం ఏడున్నరకి పిన్నులు మార్చితే అక్కడ ఆట లేదు. ఎవరో కోటు వేసుకున్నవాళ్ళు కూర్చుని మాట్లాడుతున్నారు. ఆయనే ఫోన్ చేసి చెప్పారు. ఇంగ్లండులో చలికాలం రాగానే గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారట. ఏడున్నర ఆట ఎనిమిదిన్నర అవుతుంది. అంటే సినిమాకి ముందు మాకు దొరికేది అరగంటే.

"రైల్వేలో అయితే ఒక నిమిషం తేడాకి సంజాయిషీ రాయాలి. వీళ్ళు గంట జరిపేసి హాయిగా ఉన్నారు!"

నవంబరు నుంచి ఆ సీజనంతా ముక్కలే. మొదటి అరగంట, రెండు సీడీల మధ్య ఒక పది నిమిషాలు, కరెంటు పోయి వచ్చినప్పుడు దొంగతనంగా ఒక అయిదు. మిగతాది మర్నాడో మూడోనాడో ఇంగ్లీషు పేపర్లో. ఇవాళ మా అబ్బాయి ఫోన్లో నాలుగు దేశాల లీగులు చూస్తాడు, గోలు పడ్డ నిమిషానికి మళ్ళీ అదే గోలు. వాడికి ఈ ముక్కల సంగతి చెప్తే జాలిపడ్డాడు. జాలి అక్కర్లేదు. ముక్కకీ ముక్కకీ మధ్య ఏం జరిగుంటుందో నేనూ తాతగారూ ఫోన్లో కట్టుకున్న ఆట అసలు ఆటకంటే బాగుండేదని నా అనుమానం.

జనవరిలో ఆస్ట్రేలియాలో మనవాళ్ళ క్రికెట్. సిడ్నీలో సచిన్ 241 నాటౌట్. తెల్లవారుజామునే లేచి ఆ చానెల్ పెట్టడానికి పరుగెత్తేవాణ్ణి. ఆ నెలన్నర ఆటల చానెల్‌కి రాచమర్యాద. క్రికెట్ అయిపోయింది, మర్యాదా అయిపోయింది. అసలు దెబ్బ అప్పుడు పడింది. ఆ చలికాలంలోనే ఈటీవీ2 వచ్చింది, వెంటనే టీవీ9 వచ్చింది. రోజంతా తెలుగులో వార్తలు! ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఊరంతా ఒకటే మాట, 'ఆ చానెల్ మీకొస్తోందా?' అని. ఓనరు ఒక మాడ్యులేటర్ కొన్నాడు. రెండోదానికి డబ్బులు లేవు. ఆటల రిసీవరు పిన్నులు పీకి వార్తల రిసీవరు పిన్నులు గుచ్చి, "క్రికెట్ వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు. సొంత చానెల్ కూడా పక్కకి జరిగింది.

ఆటల రిసీవర్ని మాత్రం ఆపలేదు. అది ర్యాకు చివర పచ్చ లైటుతో వెలుగుతూ, ఎవరికీ వెళ్ళని బొమ్మని పట్టుకుని కూర్చునేది. ఆ శనివారం ఫోన్ వస్తే ఏం చెప్పాలో తెలియక మొదటిసారి ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

*

ఏప్రిల్ మొదటి వారం. ముల్తాన్‌లో సెహ్వాగ్ 309 కొట్టిన వేడి ఇంకా చల్లారలేదు. గోడల నిండా ఎన్నికల రాతలు. పేపర్లో చిన్న వార్తలు రెండు. శనివారం ఎఫ్ఏ కప్ (లీగు కాక ఇంగ్లండులో ఇంకో పోటీ) సెమీఫైనల్లో మాంచెస్టర్ చేతిలో ఆర్సెనల్ 0-1 ఓటమి. మంగళవారం యూరప్ కప్పులో చెల్సీ చేతిలో 1-2, అదీ ఆట మరో మూడు నిమిషాల్లో అయిపోతుందనగా. చెల్సీని అంతకుముందు వేసవిలోనే రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ కొన్నాడు. డబ్బుతో వచ్చిన ఆ జట్టు ఓడించిందనేది తాతగారికి ఎక్కువ మంట. లీగులో మాత్రం ఇంకా ఓడలేదు. శుక్రవారం లివర్‌పూల్‌తో.

అది గుడ్ ఫ్రైడే. సాయంత్రం ఫోన్ మోగింది. చర్చిలో మూడు గంటల ఆరాధన అయి వచ్చి, ఉపవాసం మీద ఉన్నారు. "ఇవాళ నేను ఏమీ అడక్కూడదు. కానీ అడుగుతున్నాను" అన్నారు.

వార్తల చానెల్లో ఎవరో నాయకుడు ప్రసంగిస్తున్నాడు. చెయ్యి అతని నోటికి అడ్డం పెట్టినట్టు తెల్ల పిన్ను పీకాను. తర్వాత పసుపు పిన్ను.

సగం ఆటకి లివర్‌పూల్ 2-1 ముందుంది. వారంలో మూడో ఓటమి వచ్చేసిందనే అనుకున్నాను. రెండో సగం మొదలవగానే ఆర్సెనల్ ఆటగాడు పీరెస్ సమం చేశాడు. ఆ గోలు తాలూకు గోల ఆగకముందే ఆన్రీ మైదానం మధ్యలో బంతి అందుకున్నాడు. ఒకణ్ణి దాటాడు. ఇంకొకణ్ణి దాటాడు. ఇద్దరు డిఫెండర్లు ఒకళ్ళకొకళ్ళు తగులుకుని పడిపోయారు. వాళ్ళ పక్కనుంచి వెళ్ళి బంతిని మూలకి నెట్టాడు, గుమ్మం దగ్గర చెప్పులు జరిపినంత తేలిగ్గా. తర్వాత ఇంకొకటి. 4-2.

ఆ రోజు ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. వార్తలు పోయినందుకు ఎవరూ అడగలేదు. ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ నెలాఖర్న టాటెన్‌హామ్ మైదానంలో 2-2తో టైటిల్ ఖాయమైంది. చివరి నిమిషాల్లో లేమన్ ఒకణ్ణి తోసేసి ఉత్తపుణ్యానికి పెనాల్టీ ఇచ్చాడు. మేం అది చూడలేదు, పేపర్లో చదివాం. తాతగారు ఆ ముక్క రెండుసార్లు చదివించుకున్నారు. "నే చెప్పలా, తిక్కమనిషని!" అంత ఆనందం.

*

కప్పు వచ్చేసింది, ఇంకేం మిగిలింది అనుకున్నాను నేను. ఆయన అలా అనుకోలేదు. ఇంకా నాలుగు ఆటలున్నాయి, ఓడకుండా ముగించాలి. ఇంగ్లండు పై లీగులో అలా ముగించినవాళ్ళు అంతకుముందు ఒక్కరే ఉన్నారు, 1888-89లో ప్రెస్టన్ అనే జట్టు. వాళ్ళు ఆడింది 22 ఆటలే. ఇది 38. ఈ లెక్క చెప్పి ఊరుకోకుండా గోడ మీది షీల్డు వంక చూశారు. "నా సర్వీసులో ఒక్క ఎర్ర సిగ్నల్ దాటలేదు" అన్నారు. ఆ షీల్డు మీద అదేమీ రాసి లేదు. పేరూ, హోదా, తారీఖూ అంతే.

మే 11న ఎన్నికల ఫలితాలొచ్చాయి. ప్రభుత్వం మారింది. ఆ వారమంతా వార్తల పిన్నుల జోలికి వెళ్ళే ధైర్యం దేవుడిక్కూడా లేదు. కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన మర్నాడు, శనివారం, లెస్టర్‌తో ఆఖరి ఆట. ఆ మధ్యాహ్నం పెళ్ళి షామియానా గుంజలేసుకున్న లారీ ఒకటి రైల్వే కాలనీ మలుపులో మా ట్రంక్ లైను తెంపుకుపోయింది. ఆ వైపు ఇళ్ళన్నీ చీకటి, అంటే టీవీల్లో. మా లైనువాళ్ళిద్దరూ నిచ్చెనలేసుకుని వెళ్ళారు. ఓనరు ఇంకేదో పెళ్ళికి వెళ్ళాడు.

ఏడింటికి మెట్ల కింద సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. తాతగారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఎప్పుడూ రాలేదు అక్కడికి. ర్యాకు మొత్తం కింద నుంచి పైదాకా చూశారు, ఇంజను క్యాబ్ ఎక్కినవాడు గేజీలు చూసినట్టు. "ఏది మనది?" అన్నారు. పచ్చ లైటు రిసీవరు చూపించాను. దాన్ని పద్నాలుగు అంగుళాల మానిటర్ టీవీకి పెట్టి ప్లాస్టిక్ స్టూలు వేశాను.

అప్పటికే కింది డివిజన్‌కి జారిపోయిన లెస్టరు ముందు గోలు కొట్టింది! కొట్టిన డికోవ్ ఒకప్పుడు ఆర్సెనల్ వాడే. తాతగారు ఏమీ అనలేదు. వంకర వేలుని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నారు. ఈలోగా ఫోను మోతే. కాలనీ వాళ్ళు. నేను ఒకటెత్తి, రెండెత్తి, మూడోది మోగేసరికి యాంప్లిఫయర్ ఫ్యూజు పోయి దాని పనిలో పడ్డాను. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. ఫోను ఆయనే ఎత్తారు.

"కేబులేనమ్మా. లారీ తగిలి లైను తెగింది. మావాళ్ళు స్తంభం మీదే ఉన్నారు. గంటలో వస్తుంది."

మా వాళ్ళు! నేను పొగలోంచి తలెత్తి చూశాను. ఆయన మాత్రం ఇటు చూడలేదు.

రెండో సగం మొదట్లోనే ఆన్రీ పెనాల్టీ కొట్టి సమం చేశాడు. అప్పుడు అడిగారు, "ఇది ఊళ్ళోకి వెళ్తోందా?"

"లేదు తాతగారూ. మన గదికే."

"ఊళ్ళోకి పంపు."

"వార్తలు పోతే చంపేస్తారండీ."

"పంపు. ఫోను నేను చూసుకుంటా."

పంపాను. నిమిషంలో ఫోను అందుకుంది. ఆయన ఒక్కో ఇంటికీ ఒక్కో రోగం చెప్పారు. ఒకరికి ఆకాశంలో మబ్బు, ఒకరికి శాటిలైట్ ట్రబుల్, ఒకాయన గట్టిగా మాట్లాడితే "పైనుంచి ఆర్డరండీ" అన్నారు. ఆ మూడో రోగం చెబుతుండగానే బెర్గ్‌క్యాంప్ నుంచి సందులోంచి ఒక పాసు వచ్చింది. వియేరా గోల్‌కీపర్ని కూడా చుట్టి దాటి ఖాళీ గోల్‌లోకి తోశాడు. ఆయన ఫోను చెవికి అలాగే పెట్టుకుని లేచి నిలబడ్డారు. "ఆగండి" అన్నారు ఫోన్లో. చాలాసేపు ఆగారు అవతలివాళ్ళు.

38 ఆటలు. 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి లేదు. లేమన్ ఆ 38లోనూ ఆడాడు. తాతగారు సైకిల్ స్టాండు తీస్తూ, "తిక్కమనిషే గానీ..." అని ఆపేశారు.

మర్నాడు కిళ్ళీ కొట్టు దగ్గర ఒకాయన అడిగాడు, "రాత్రి వార్తల్లో ఆ బంతాట ఏంటి బాబూ? ఎవరో మనవాళ్ళేనా?" అని.

*

ఆ జట్టు వరస 49 ఆటల దగ్గర ఆగింది. తర్వాతి అక్టోబరులో, అదే మాంచెస్టర్లో, 2-0తో. అప్పటికి నేను ఆ పని మానేసి గుంటూరులో ఒక ఇంటర్నెట్ సెంటర్లో చేరాను. ఆ వార్త చదివి ఫోన్ చేద్దామనుకుని, ఇప్పుడు నా దగ్గర ఆయనకి పెట్టడానికి ఏ పిన్నూ లేదని ఊరుకున్నాను. చేసి ఉండాల్సింది. ఆయన పోయారని చాలా ఆలస్యంగా తెలిసింది. మా మేడ మీద ఇప్పుడు రేకుల గది లేదు, సెల్ టవరుంది.

కార్డు సంగతి చెప్పనే లేదు. జూన్ మొదటి ఆదివారం వసూలుకి వెళ్ళాను. నెలనెలా మేం సంతకం పెట్టే గులాబీ రంగు కార్డు ఆయన తిరగేసి బల్ల మీద పెట్టారు. వెనకవైపు ఖాళీలో పెన్సిలుతో సన్నటి అక్షరాలు. అన్ని ఆటలూ, అన్ని స్కోర్లూ. కొన్నిటి పక్కన నిండు టిక్కు, కొన్నిటికి సగం టిక్కు, కొన్నిటికి సున్నా.

"నిండుగా చూపించినవి 9. సగం సగం చూపించినవి 13. సున్నాలు 16. అవి పేపర్లో చదువుకున్నవి. నెలకి 110 చొప్పున, ఇవాళ్టిదీ కలిపితే పది నెలలు. లెక్క కట్టి, రావాల్సింది ఇప్పించు."

లెక్కలంటే నాకు భయం అని ఆయనకి తెలుసు. మామ్మగారు వంటింట్లోంచే అన్నారు, "నా సీరియళ్ళు ఒక్కటీ పోలేదు. అవి కూడా లెక్కలో వేసుకోమనండి."

ఆయన 110 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చారు. నేను మే నెల గడిలో సంతకం పెట్టాను.

"ఆగస్టుకి కొత్త కార్డు పట్రా. వెనక గీతలు లేనిది."